కలిగినవాళ్ల మీద పన్ను ఎక్కడ వేస్తే మేలు: జీతం మీదా, ఆస్తి మీదా, వారసత్వం మీదా?

జూలై నెలాఖరు వచ్చిందంటే మా ఆఫీసులో కూర్చోవడానికి కుర్చీ దొరకదు. నారాయణగూడలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఇరవై ఏళ్లకు పైగా రిటర్నులు వేస్తున్నాను. ఒక సీజన్‌లో ఒకే మధ్యాహ్నం ముగ్గురు వచ్చి పడ్డారు. ముగ్గురి చేతికీ ఆ ఏడాది వచ్చింది ఇంచుమించు అరవై లక్షలే. మనుషుల్ని గుర్తుపట్టకుండా కాస్త మార్చాను, అంకెల్ని గుండ్రం చేశాను. పన్ను మాత్రం 2025 బడ్జెట్‌లో పెట్టిన కొత్త విధానం శ్లాబుల ప్రకారం లెక్కగట్టి చెబుతున్నాను.

మొదటి ఆవిడ గచ్చిబౌలిలో ఉద్యోగి. జీతం అరవై లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేశాక, శ్లాబుల పన్ను, 50 లక్షలు దాటినందుకు 10 శాతం సర్చార్జీ (పన్ను మీద వేసే పన్ను), దాని మీద 4 శాతం సెస్సు, అన్నీ కలిపితే 15 లక్షల 53 వేలు. ఆవిడ ప్రత్యేకంగా కట్టేదేమీ లేదు. నెలనెలా జీతంలోంచే పోయింది.

రెండో ఆయనకు ఉద్యోగం లేదు, అవసరమూ లేదు. తండ్రి కొని పెట్టిన షేర్లు కొన్ని అమ్మాడు. దీర్ఘకాలిక లాభం అరవై లక్షలు. 2024 జూలై నుంచి ఈ లాభం మీద పన్ను 12.5 శాతం. మొదటి లక్షా పాతిక వేలకు మినహాయింపు, వేరే ఆదాయం లేదు కాబట్టి ఇంకో నాలుగు లక్షలు కూడా పక్కకు పోతాయి. సర్చార్జీ, సెస్సు కలిపి మొత్తం 7 లక్షల 83 వేలు. పై ఆవిడ కట్టినదాంట్లో సగం.

మూడో ఆయన షాద్‌నగర్ దాటి లోపల ఉన్న పొలం అమ్మాడు. ఖర్చులు పోను లాభం అరవై లక్షలు. ఆ పొలం పల్లెటూరి వ్యవసాయ భూమి కిందికి వస్తుంది. మున్సిపల్ హద్దు నుంచి జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్లు గీత గీస్తారు, ఆ గీతకు అవతల ఉంటే ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో అది మూలధన ఆస్తే కాదు. పన్ను సున్నా. "అన్నా, అసల్ రిటర్న్ ఎయ్యకుంటే ఏమైతది?" అని అడిగాడు. రిజిస్ట్రేషన్ వివరాలు డిపార్ట్‌మెంటుకు ఎలాగూ పోతాయి, మినహాయింపు కింద చూపించి వేసేద్దాం, రేపు నోటీసు వస్తే టెన్షన్ ఉండదు అని చెప్పాను.

పక్క కుర్చీలో ఫారం 16 (జీతంలోంచి కోసిన పన్ను పత్రం) పట్టుకుని కూర్చున్న ఆవిడ ఇదంతా విన్నది. "మరి నాదేం పాపమండీ?" అంది నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఉన్న కోపం నాకు తెలుసు.

ధనికులు ఎక్కువ పన్ను కట్టాలా అన్న చర్చ ఎప్పుడొచ్చినా నాకు ఆ ముగ్గురే గుర్తొస్తారు. కట్టాలనే నా అభిప్రాయం. సబ్బు మీద జీఎస్టీ బస్తీలో కొన్నా జూబ్లీహిల్స్‌లో కొన్నా ఒకటే. కాబట్టి ఎక్కడో ఒకచోట కలిగినవాడి దగ్గర కాస్త ఎక్కువ పుచ్చుకోకపోతే లెక్క సరిపోదు. తేలాల్సింది ఎక్కడ పుచ్చుకోవాలన్నదే. నాలుగు దారులున్నాయి: ఆదాయపు పన్ను రేటు పెంచడం, ఏటా ఆస్తి మొత్తం మీద సంపద పన్ను వేయడం, తండ్రి నుంచి బిడ్డకు పోయేటప్పుడు వారసత్వ పన్ను వేయడం, ఇప్పుడున్న చట్టంలో ఆ రెండో ఆయనా మూడో ఆయనా దాటిపోయిన సందులు పూడ్చడం. ఈ నాలుగూ సమానం కావు, నేను సమానంగా తూచబోవడమూ లేదు.

రేటు పెంచితే?

అందరికీ ముందు తట్టేది ఇదే. మన దేశంలో దీన్ని అంచుదాకా లాగి చూశారు కూడా. 1970ల మొదట్లో పై శ్లాబు 85 శాతం, దాని మీద సర్చార్జీ కలిపితే 97.75 శాతం. అంటే ఆ శ్లాబులో వంద సంపాదిస్తే చేతికి రెండు రూపాయల పాతిక పైసలు. అంత రేటు దగ్గర పన్ను కట్టేవాడికంటే దాచేవాడే తెలివైనవాడు. అందుకే తగ్గిస్తూ వచ్చారు: 1985లో 50 శాతం, 1997లో చిదంబరం బడ్జెట్‌లో 30 శాతం. ఆ 30 ఇప్పటికీ అలాగే ఉంది. మారుతున్నదల్లా పైన పడే సర్చార్జీ. 2019 జూలైలో 5 కోట్లు దాటినవాళ్లకు 37 శాతం సర్చార్జీ వేస్తే మొత్తం రేటు 42.74కి చేరింది. 2023లో కొత్త విధానంలో దాన్ని 25 శాతానికి దించితే 39 అయింది. అన్నట్టు, 2019లో మనుషుల మీద సర్చార్జీ పెంచిన రెండు నెలలకే, సెప్టెంబరులో, కంపెనీల పన్నును అన్నీ కలుపుకొని 25.17 శాతానికి దించారు. మనిషికి 42, కంపెనీకి 25 అంటే, కాస్త తెలిసినవాడు ఏ పేరు మీద సంపాదించాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

రేటు పెంచితే తగిలేది ముందుగా జీతగాళ్లకే. వాళ్ల ఆదాయం కంపెనీ కంప్యూటర్‌లోంచి నేరుగా డిపార్ట్‌మెంటుకు కనిపిస్తుంది, దాచడానికి ఏమీ లేదు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదే. 5 కోట్ల పైన జీతం తీసుకునేవాడికి 39 శాతం పడుతుంటే, అంతకు పదిరెట్లు షేర్లమ్మి లాభం చూసినవాడికి 14.95 శాతం దాటదు. దీర్ఘకాలిక లాభం మీద సర్చార్జీని 15 శాతం దగ్గర ఆపేశారు కాబట్టి. ఈ తేడాను అలాగే ఉంచి, 30 శాతం శ్లాబునే పెంచి ఆ 39ని 45 చేస్తే, గచ్చిబౌలి ఆవిడ మీద బరువు పెరుగుతుంది, షేర్లాయన మీద ఈగ కూడా వాలదు.

ఇంకో సంగతి కూడా ఉంది. టీవీ చర్చల్లో ఇది అంతగా వినపడదు. ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సర్చార్జీలో ఉండదు. 2025-26 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం లెక్కలో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అందులో తెలంగాణకు 2.102 శాతం. ఆ లెక్కన వంద రూపాయల పన్ను పెరిగితే మన రాష్ట్రానికి 86 పైసలు. అదే వంద సర్చార్జీగా పెరిగితే సున్నా. మాదాపూర్‌లో సంపాదించినవాళ్ల మీద సర్చార్జీ వేసి "ధనికుల దగ్గర తీసుకుంటున్నాం" అంటే, ఆ డబ్బులోంచి మన వాటాగా ఇక్కడికి వచ్చేది ఏమీ లేదు.

వ్యవసాయ ఆదాయాన్ని పక్కన పెడితే, రాష్ట్రం తనంతట తాను ఆదాయం చూసి వేయగలిగింది వృత్తి పన్ను ఒక్కటే. దాని కథ ఇంకా విచిత్రం. జీతం చీటీ తీసి చూడండి: నెలకు 20 వేలు దాటితే 200 రూపాయలు. 21 వేల జీతగాడికీ 200, నెలకు 5 లక్షలు తీసుకునే ఆవిడకూ 200. ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోనే రాసి ఉంది, ఆ అంకె 1988 నాటిది. అప్పటి 2,500కీ ఇప్పటి 2,500కీ తేడా ఏమిటో సంసారం నడిపేవాళ్లను అడగండి.

ఏటా సంపద మీద పన్ను

వినడానికి ఇది చాలా న్యాయంగా ఉంటుంది. ఆదాయం చూపించకపోయినా ఆస్తి కనిపిస్తుంది కదా, ఉన్నదాని మీద ఏటా ఒక శాతం కట్టు అనడం. మనకు ఇదీ కొత్త కాదు. 1957 నుంచి 2015 దాకా సంపద పన్ను చట్టం ఉండేది. చివరి రోజుల్లో 30 లక్షలు దాటిన సంపద మీద 1 శాతం. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ రిటర్నులు కూడా వేసేవాణ్ని. బంగారం తులాల్లో ఎంత, కారు విలువెంత, ఖాళీ ప్లాటు విలువెంత అని అడగాలి. "మా ఆవిడ నగల లెక్క నీకెందుకయ్యా" అని ఒక పెద్దాయన నా ముందే ఫైలు మూసేశాడు. కంసాలి సర్టిఫికెట్ ఒక విలువ చెబుతుంది, ఆఫీసరు ఇంకో విలువ వేస్తాడు. షేర్లు ఆ లెక్కలోనే లేవు, 1993 నుంచి తీసేశారు. అంటే అసలు సిసలు కోటీశ్వరుడి సంపద బయటే ఉండి, అత్తగారి వడ్డాణం మాత్రం లోపల ఉండేది.

2013-14లో దేశం మొత్తానికి దాని మీద వచ్చింది 1,008 కోట్లు. జైట్లీ 2015 బడ్జెట్‌లో దాన్ని తీసేసి, కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం సర్చార్జీ అదనంగా వేశారు. 9 వేల కోట్లు వస్తాయన్నారు. వసూలు చేసే లెక్కలో ఆయన చేసింది సబబే అనిపిస్తుంది నాకు. కాకపోతే ఆస్తి మీద ఉన్న పన్ను తీసేసి దాన్ని ఆదాయం మీదికి తోసినట్టయింది. బరువు మళ్లీ జీతగాళ్ల వైపే జరిగింది.

హైదరాబాద్‌లో ఉండి సంపద పన్ను గురించి మాట్లాడుతూ నిజాం పేరెత్తకుండా ఎలా? 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా కనిపించిన మనిషి ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన కుటుంబం కోసం పెట్టిన ట్రస్టు ఆస్తికి సంపద పన్ను ఎలా లెక్కగట్టాలి అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1977లో తేలింది. అప్పటికి ఆయన పోయి పదేళ్లు. పెద్ద ఆస్తి ఎప్పుడూ ఒక మనిషి పేరు మీద ఉండదు. ట్రస్టు, కంపెనీ, హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం), ఇద్దరు కొడుకుల పేర్లు. ఏటా విలువ కట్టాలంటే ఏటా ఆ తగువే.

నార్వేలో, స్విట్జర్లాండ్‌లో ఇప్పటికీ ఏటా సంపద పన్ను ఉంది. నార్వే రేటు పెంచాక అక్కడి కొందరు ధనికులు స్విట్జర్లాండ్‌కే మకాం మార్చారు. ఫ్రాన్స్ 2018లో దాన్ని తీసేసి స్థిరాస్తికే పరిమితం చేసింది. నార్వేలో ఇళ్లకు విలువ లెక్కగట్టి రాసి పెట్టుకునే పద్ధతి ఉంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే ధర ఇంకొకటి. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే సగం ఊరికి బతుకుతెరువు. ఆ దూరం ఉన్నన్నాళ్లూ సంపద పన్ను అంటే నిజం రాసుకున్నవాడికి జరిమానా.

వారసత్వ పన్ను

2024 ఎన్నికలప్పుడు దీని పేరెత్తగానే ఎంత రచ్చ అయిందో అందరికీ తెలుసు. మంగళసూత్రాల దాకా పోయింది మాట. ఇది కూడా మనకు ఉన్నదే: 1953 నుంచి 1985 వరకు ఎస్టేట్ డ్యూటీ. పై రేటు 85 శాతం దాకా ఉండేది. అంత రేటు పెట్టి వసూలైందెంత? ఏడాదికి సుమారు 20 కోట్లు. వసూలు ఖర్చుతో పోలిస్తే దండగ అని వి.పి.సింగ్ ఎత్తేశారు. రేటు ఎక్కువ పెట్టి సందులు వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

అయినా ఈ దారి నాకు సంపద పన్ను కంటే మేలనిపిస్తుంది. కారణం మామూలుదే: విలువ ఏటా కట్టక్కర్లేదు, తరానికి ఒకసారి కడితే చాలు. పైగా ఆ డబ్బు సంపాదించింది చేతికందుకునేవాడు కాదు. గచ్చిబౌలి ఆవిడ రాత్రి పదకొండు దాకా కాల్స్‌లో కూర్చుని తెచ్చుకున్న దాంట్లో నాలుగో వంతు ఇచ్చింది. షేర్లాయన పుట్టుకతో తెచ్చుకున్న దాంట్లో ఏడో వంతు కూడా ఇవ్వలేదు. బిడ్డల కోసమే కదా సంపాదించేది అంటారు. నిజమే, నేనూ అందుకే సంపాదిస్తున్నా. నా బిడ్డకు మిగిలేది ఒక ఫ్లాటు. దాని మీద పన్ను వేయమని నేనూ అనను. వంద కోట్లు మిగిలేచోట పది కోట్లు అడిగితే ఆ బిడ్డ రోడ్డున పడడు.

చిక్కు ఇళ్ల దగ్గర వస్తుంది. బర్కత్‌పురాలో నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉంది. వెయ్యి గజాల పాత ఇల్లు, ముందు మామిడి చెట్టు, వెనక బావి, ఆవిడకు వచ్చేది భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్. బిల్డర్లు వారానికొకరు వచ్చి డెవలప్‌మెంట్‌కి ఇమ్మంటారు. ఆవిడ టీ ఇచ్చి పంపేస్తుంది. కాగితం మీద కోట్లు, చేతిలో నెలాఖరుకు మందుల డబ్బు. వారసత్వ పన్ను పెడితే ఆ ఇంట్లో ఉండే కొడుకు దాన్ని కట్టడానికే ఆ ఇల్లు అమ్మాలి. కాబట్టి పెట్టేదేదో, కాపురముండే ఒక ఇంటికి అమ్మేదాకా వాయిదా ఇవ్వాలి, అవధి బాగా పైన ఉండాలి. ఒక్కో వారసుడికి 10 కోట్ల దాకా ఏమీ లేకుండా, ఆపైన 10 శాతంతో మొదలుపెడితే చాలు. జపాన్ 55 శాతం, బ్రిటన్ 40 శాతం దాకా వసూలు చేస్తాయి. స్వీడన్ 2004 చివర్లో ఎత్తేసింది, నార్వే 2014లో. అక్కడ ఎత్తేశారు కదా అనేవాళ్లకు ఒక మాట: సంపద పన్ను, పెద్ద జీఎస్టీ లాంటి పన్నులు నార్వేకు ఇంకా ఉన్నాయి. మనకు ఈ రెండింటిలో జీఎస్టీ ఒక్కటే మిగిలింది.

సందులు పూడ్చడం

పేరు చప్పగా ఉంటుంది కానీ నా ఓటు ముందు దీనికే. కొత్త చట్టం, కొత్త ఆఫీసు, కంసాలి సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు. అమ్మినప్పుడే పన్ను కాబట్టి విలువ మీద తగువు తక్కువ, కట్టడానికి చేతిలో డబ్బు ఉంటుంది.

ముందు పొలం సంగతి. రైతు మీద పన్ను వద్దన్నది సరైన మాటే. ఒక్క పంట పోతే అప్పులపాలయ్యే మనిషికి రిటర్న్ ఏమిటి? కానీ చేవెళ్ల దారిలో, యాచారం వైపు వారాంతంలో వెళ్లి చూడండి. గేటు, స్విమ్మింగ్ పూల్, నాలుగు వరసల మామిడి మొక్కలు, ఓ పక్క పాస్‌బుక్. ఆ యజమాని ఎప్పుడూ నాగలి పట్టడు, పట్టాల్సిన పనీ లేదు. భూమి ధర ఎకరానికి లక్షల నుంచి కోట్లకు పెరిగేదాకా ఆగుతాడు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎన్ని ఎకరాలున్నా ఎకరాకింత అని వాళ్లకూ ఇచ్చారు. వ్యవసాయ పన్ను మాట కొత్తది కాదు, ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే పెద్ద కమతాల మీద పన్ను వేయమంది. ఓట్ల భయంతో ఇక్కడ ఏ ప్రభుత్వమూ దాని జోలికి పోలేదు.

పంట ఆదాయాన్ని వదిలేద్దాం, అది ఎలాగూ రాజకీయంగా జరిగే పని కాదు. భూమి అమ్మకం మీద లాభానికి మాత్రం ఒక హద్దు పెట్టొచ్చు. ఒక మనిషికి జీవితకాలంలో కోటి రూపాయల దాకా మినహాయింపు, ఆపైన మామూలు లాభాల లెక్క. రెండెకరాలమ్మి బిడ్డ పెళ్లి చేసేవాడికి ఏమీ తగలదు. యాభై ఎకరాలు పోగేసినవాడికి తగులుతుంది.

తర్వాత షేర్లూ ఇళ్లూ. ఇక్కడ ఎదుటివాళ్ల వాదనలోనూ పస ఉంది. లాభం మీద కంపెనీ ముందే పన్ను కట్టింది, మళ్లీ నేనూ కట్టాలా అంటారు. ధరలు పెరగడం వల్ల కనిపించే లాభం నిజం లాభం కాదంటారు. 2024 జూలై తర్వాత కొన్న ఇళ్లకు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కగట్టడం) తీసేశాక ఇళ్ల విషయంలో ఆ మాటకు బలం పెరిగింది కూడా. అందుకని జీతంతో సమానంగా 30 వేయమనను. కానీ కోట్లలో లాభం చూసినవాడికి సర్చార్జీని 15 దగ్గర ఆపడానికి కారణం నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇల్లమ్మి ఇల్లు కొంటే 10 కోట్ల దాకా లాభానికి మినహాయింపు అన్నది కూడా ఎవరి కోసం? 2023 దాకా ఆ 10 కోట్ల హద్దు కూడా లేదు. కోటి రూపాయల ఇల్లమ్మి కోటిన్నర ఇల్లు కొనే మామూలు మనిషికి అందులో పదో వంతు చాలు.

నగరం తనకు తానుగా చేయగలిగింది ఒకటుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఔటర్ రింగ్ రోడ్డు, నీళ్లు, కరెంటు, అన్నీ జనం డబ్బుతో వచ్చాయి కాబట్టే ఆ ధర. పక్కనే ఉన్న ప్రైవేటు స్థలాల ధర కూడా ఎక్కింది, యజమాని మంచం దిగకుండానే. జీహెచ్ఎంసీ ఇంటి పన్ను మాత్రం ఇంటి ధర చూడదు, నెల అద్దె విలువ చూస్తుంది. ఏప్రిల్‌లో ముందే కడితే 5 శాతం తగ్గింపు అని మా ఇంటికి మెసేజ్ వస్తుంది, వెంటనే కట్టేస్తాను. కట్టిన ప్రతిసారీ మా 1,100 అడుగుల ఫ్లాటుకీ, అవతలి వీధిలో ఖాళీగా పిచ్చిమొక్కలు పెరిగిన రెండు వేల గజాల ప్లాటుకీ ఎంత తేడా ఉండాలి, ఎంత ఉంది అనిపిస్తుంది. ఖాళీ స్థలం పన్ను గట్టిగా వసూలు చేస్తే ఢిల్లీని అడగక్కర్లేదు, వచ్చిన రూపాయి నూరు పైసలూ ఇక్కడే ఉంటాయి.

కాబట్టి వరస పెట్టమంటే నాది ఇది: ముందు సందులు, దాంతోపాటు నగరంలో స్థలం పన్ను, ఆ తర్వాత పై అవధితో వారసత్వ పన్ను. రేటు పెంపు ఆఖరికి. ఏటా సంపద పన్ను అసలు వద్దు, కనీసం రిజిస్ట్రేషన్ విలువ నిజం చెప్పే రోజు వచ్చేదాకా.

ఇదంతా రాసి రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. ఒక సంగతి దాచడం ఎందుకు, నల్లగొండ జిల్లాలో మా నాన్న వదిలిన రెండెకరాలు మేమూ అమ్ముకున్నాం. నా వాటాకు లాభం 38 లక్షలు, పన్ను సున్నా, ఆ డబ్బుతోనే ఈ ఫ్లాటు. ఆవిడ అంతా విని, "కోటి దాకా మినహాయింపు, వారసుడికి పది కోట్ల దాకా మినహాయింపు. మనకు తగలకుండా గీతలు భలే గీశారు" అంది. మరి ఎంత దగ్గర గీయాలంటావు అని అడిగాను. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయింది.